అన్నా... అమ్మేయమంటావా?

దసరా వెళ్లిన వారం. రాత్రి పదకొండు దాటింది. ఫోన్ మోగితే చూశాను, మా పిన్ని కొడుకు. ఆ టైంలో చుట్టాల నుంచి ఫోన్ వస్తే ఎవరికైనా గుండె గుభేల్‌మంటుంది.

‘పిన్ని బాగానే ఉంది కదరా?’ అన్నాను.

‘అమ్మ బాగానే ఉందన్నా. నా షేరే బాలేదు’ అన్నాడు.

వాడు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. మూడేళ్ల క్రితం ఒక కంపెనీ షేర్లు వెయ్యి కొన్నాడు. ఒక్కోటి 210 రూపాయలు. అంటే 2 లక్షల 10 వేలు. కొన్నాక అది పెరుగుతూ పోయి 560కి చేరింది. ఆ రోజు యాప్‌లో 5 లక్షల 60 వేలు కనిపించాయి. స్క్రీన్‌షాట్ తీసి నాక్కూడా పంపాడు, పక్కన రెండు రాకెట్ బొమ్మలు పెట్టి. ఇప్పుడు అదే షేరు 430. రాకెట్ బొమ్మల్లేవు, రాత్రి పదకొండింటికి ఫోన్ ఉంది.

‘లాంగ్ టర్మ్ అనుకునే కొన్నానన్నా. పట్టుకోనా? అమ్మేయమంటావా?’

నేను జవాబు చెప్పకుండా ఒక ప్రశ్న అడిగాను. ‘అసలు ఎందుకు కొన్నావురా?’

అవతల చాలాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, ‘మా టీమ్‌లో అందరూ కొన్నారన్నా.’

ఈ వారం మన కబుర్లు ఇక్కడి నుంచే. ఎందుకంటే ‘ఎప్పుడు అమ్మాలి’ అనే ప్రశ్నకు జవాబు అమ్మే రోజున దొరకదు. కొన్న రోజునే దొరకాలి.

స్థలం కాదు, షేరు

మన ఇళ్లలో ‘లాంగ్ టర్మ్’ అనగానే గుర్తొచ్చేది స్థలం. నాన్నగారు ఊరి చివర రెండొందల గజాలు కొంటారు. కాగితాలు బీరువాలో పెడతారు. పదిహేనేళ్ల తర్వాత పిల్ల పెళ్లికో, పిల్లాడి చదువుకో అమ్ముతారు. ‘కొని మర్చిపో’ అనే సూత్రం మనకు అక్కడి నుంచే వచ్చింది. షేర్ల విషయంలోనూ అదే మాట వీడియోల్లో, వాట్సాప్‌లో తిరుగుతుంటుంది.

కానీ ఒక్కసారి ఆలోచించండి. నాన్నగారు నిజంగా మర్చిపోయారా? ఏడాదికోసారి బస్సెక్కి వెళ్లి హద్దు రాళ్లు ఉన్నాయో లేదో చూసొచ్చేవారు. పక్కవాడు గోడ ముందుకు జరిపాడేమో కొలిచేవారు. కబ్జా భయంతో చుట్టూ కంచె వేయించేవారు. ఆయన మర్చిపోయింది రేటును. స్థలాన్ని కాదు.

మనం షేర్ల దగ్గర సరిగ్గా దీనికి తిరగేసి చేస్తున్నాం. రేటును రోజుకు ఇరవైసార్లు చూస్తాం. కంపెనీని ఏడాదికోసారి కూడా చూడం. పైగా స్థలానికి మేనేజ్‌మెంట్ ఉండదు. అది అప్పు చేయదు, లెక్కలు మార్చదు, దివాలా తీయదు. కంపెనీని మనుషులు నడుపుతారు. కాబట్టి అవన్నీ జరగొచ్చు.

నేను చేసిన రెండు తప్పులు

పెద్ద చెప్పొచ్చాడు అనుకోకండి. నేను చేసిన తప్పులు కూడా చెబుతాను. కంపెనీల పేర్లు మాత్రం వద్దులెండి.

మొదటిది. ఉద్యోగంలో చేరిన కొత్తలో వంటింటి సామాన్లు తయారుచేసే ఒక కంపెనీ షేర్లు 200 కొన్నాను, 180 రూపాయల చొప్పున. మా ఇంట్లో, మేనత్త ఇంట్లో, పక్కింట్లో వాళ్ల సరుకే ఉండేది. అప్పులు పెద్దగా లేవు. అమ్మకాలు ఏటా పెరుగుతున్నాయి. కొన్నది సరైన కారణంతోనే. ఎనిమిది నెలల్లో 240 అయింది. లాభం 12 వేలు. చేయి ఊరుకోలేదు. అమ్మేసి, ఇంకొంచెం కలిపి ఫోన్ కొన్నాను. ఆ తర్వాత కొన్నేళ్లలో ఆ షేరు ఐదింతలు అయింది. ఆ ఫోను ఇప్పటికీ మా సొరుగులో ఉంది, పగిలిన స్క్రీనుతో.

రెండోది ఇంకా ఘోరం. రోడ్ల కాంట్రాక్టులు చేసే ఒక కంపెనీ షేర్లు 300 కొన్నాను, 150 చొప్పున. మొత్తం 45 వేలు. ఏడాది తిరక్కుండానే ఒక వార్త వచ్చింది, ఆడిటర్ మధ్యలోనే రాజీనామా చేశాడని. తర్వాత యజమానుల షేర్లలో ఎక్కువ భాగం తాకట్టులో ఉందని తెలిసింది. రేటు 110కి పడింది. నేను ఏమన్నానో తెలుసా? ‘పర్లేదు, లాంగ్ టర్మ్.’ 80 అయింది. ‘కొన్న రేటుకు రాగానే అమ్మేస్తా’ అన్నాను. 50 దగ్గర చూడ్డం మానేశాను. చివరికి 22 దగ్గర అమ్మితే చేతికొచ్చింది 6,600. అప్పుడు మా అమ్మాయి స్కూలు ఫీజు రెండో విడత కట్టాల్సి ఉంది. ఆ 38 వేలు ఉంటే మా ఆవిడ గాజులు బ్యాంకుకు వెళ్లేవి కావు. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ ఎత్తదు. అదే ఎక్కువ బాధ.

చూడ్డానికి ఈ రెండూ వేర్వేరు తప్పులు. ఒకటి తొందరపడి అమ్మడం, రెండోది అమ్మకుండా కూర్చోవడం. నిజానికి రెండూ ఒకటే. రెండుసార్లూ నేను చూసింది రేటును, కంపెనీని కాదు. పాలిచ్చే గేదెను సంతలో అమ్మేసి, ఒట్టిపోయిన గేదెకు దాణా పెట్టినట్టన్నమాట.

ఈ జబ్బు నాకొక్కడికే కాదు. 1985లో హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు దీని మీద పరిశోధన పత్రం రాసి, దీనికో పేరు కూడా పెట్టారు. 1998లో టెరెన్స్ ఓడీన్ అమెరికాలోని ఒక బ్రోకరేజీ సంస్థకు చెందిన 10 వేల ఖాతాలను పరిశీలించాడు. జనం లాభంలో ఉన్న షేర్లను చకచకా అమ్మేస్తున్నారు, నష్టంలో ఉన్నవాటిని గట్టిగా పట్టుకుంటున్నారు అని తేలింది. ఇంకా బాధేంటంటే, ఆ తర్వాతి ఏడాదిలో సగటున అమ్మేసినవే పట్టుకున్నవాటికన్నా మెరుగ్గా నడిచాయి. నష్టానికి అమ్మితే ‘నేను తప్పు చేశాను’ అని ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ మాట అనడం ఇష్టం లేక మనం ‘లాంగ్ టర్మ్’ అంటాం.

హైదరాబాద్ మర్చిపోని మూడు వారాలు

పడుతున్న షేరును ఎప్పుడు పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి? దీనికి మన ఊరి కథే పెద్ద పాఠం. మీలో చాలామంది అప్పటికి స్కూల్లో ఉండి ఉంటారు.

2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ ఒక ప్రకటన చేసింది. ప్రమోటర్ల కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా కంపెనీలను 160 కోట్ల డాలర్లతో కొంటామని. సాఫ్ట్‌వేర్ కంపెనీకి స్థలాల వ్యాపారం ఎందుకని ఇన్వెస్టర్లు మండిపడ్డారు. కొన్ని గంటల్లోనే నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. మర్నాడు షేరు దాదాపు 30 శాతం పడింది. ఆ నెలాఖరులోగా నలుగురు డైరెక్టర్లు రాజీనామా చేశారు.

అయినా షేరు మళ్లీ కోలుకుంది. జనవరి 6న 179 రూపాయల దగ్గర ఉంది. 7వ తేదీ బుధవారం రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఆయనే రాశారు. ఆ ఒక్కరోజే షేరు 40 రూపాయలకు పడిపోయింది.

బ్యాంకులో డబ్బు లేదని మామూలు ఇన్వెస్టరుకు 7వ తేదీకి ముందు తెలిసే దారి లేదు. అది నిజం. కానీ డిసెంబరు 16న ఒక సంగతి అందరికీ తెలిసింది. కంపెనీ డబ్బును యజమానులు తమ సొంత కంపెనీలకు మళ్లించాలని చూశారు. ‘ఈ మనుషులు నా డబ్బును నా కోసం వాడతారు’ అన్న నమ్మకం ఆ రోజే పోయింది. హద్దు రాయి ఆ రోజే కదిలింది. అమ్ముకోవడానికి మూడు వారాల టైం కూడా దొరికింది.

ఇప్పుడు ఇంకో పతనం చూడండి. 2020 మార్చి 23. కరోనా భయంతో సెన్సెక్స్ ఒక్కరోజులో 13 శాతం, అంటే 3,900 పాయింట్లకు పైగా పడి 25,981 దగ్గర ఆగింది. మంచీ చెడూ తేడా లేకుండా అన్నీ పడ్డాయి. సబ్బుల కంపెనీ పడింది, మందుల కంపెనీ పడింది. జనం సబ్బు వాడటం మానేశారా? అసలు ఆ నెలల్లోనే చేతులు అంతగా కడుక్కున్నాం. 2021 జనవరిలో సెన్సెక్స్ మొదటిసారి 50 వేలు దాటింది. మార్చిలో ఎర్ర రంగు చూసి భయపడి అమ్మినవాళ్లు పది నెలల తర్వాత తలలు పట్టుకున్నారు.

కాబట్టి ఎంత పడింది అనేది అసలు ప్రశ్న కాదు. ఎందుకు పడింది, నేను కొన్న కారణం ఇంకా బతికే ఉందా అన్నదే ప్రశ్న.

మంచి కంపెనీ అయినా...

‘అయితే మంచి కంపెనీ కొనేసి కళ్లు మూసుకుంటే చాలా?’ అంటారేమో. అదీ కుదరదు. మైక్రోసాఫ్ట్ కన్నా మంచి కంపెనీ ఏముంటుంది? 1999 డిసెంబరులో దాని షేరు 60 డాలర్లకు దగ్గరగా వెళ్లింది. ఆ రేటును మళ్లీ దాటింది 2016 చివర్లో. దాదాపు పదిహేడేళ్లు. ఈలోగా కంపెనీ మూతపడలేదు, వ్యాపారం ఎన్నో రెట్లు పెరిగింది. 2014 ఫిబ్రవరిలో మన హైదరాబాదీ సత్య నాదెళ్ల సీఈఓ అయ్యేనాటికి కూడా షేరు ఆ పాత రేటు కిందే ఉంది. మధ్యలో డివిడెండ్లు వచ్చాయనుకోండి. అయినా 1999లో పాతికేళ్ల కుర్రాడు కొని ఉంటే, రేటు వెనక్కి వచ్చేసరికి అతనికి నలభై దాటేసింది. కంపెనీ మంచిదే. కొన్న రేటే మరీ ఎక్కువ.

ఎప్పుడు అమ్మాలి?

ఇన్ని దెబ్బలు తిన్నాక నేను నాలుగు సందర్భాల్లో మాత్రమే అమ్ముతున్నాను.

ఒకటి, కొన్న కారణం చచ్చిపోయినప్పుడు. ఆడిటర్ మధ్యలో వెళ్లిపోవడం, యజమానుల షేర్ల తాకట్టు పెరగడం, లాభం చూపిస్తున్నా వ్యాపారం నుంచి నగదు రాకపోవడం, అప్పులు ఏటా ఉబ్బడం, సొంత చుట్టాల కంపెనీలతో లావాదేవీలు... ఇవే మన హద్దు రాళ్లు. ఇవన్నీ రహస్యాలేం కాదు. బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలో కంపెనీ పేరు కొడితే ప్రకటనలు, మూడు నెలలకోసారి వచ్చే ఫలితాలు, ఎవరి దగ్గర ఎన్ని షేర్లు ఉన్నాయి, ఎన్ని తాకట్టులో ఉన్నాయి, అన్నీ కనిపిస్తాయి. మూడు నెలలకోసారి అరగంట చాలు. రీల్స్ చూసే టైంలో పదో వంతు.

రెండు, కొనడమే తప్పని తెలిసినప్పుడు. ఫిలిప్ ఫిషర్ అనే అమెరికన్ ఇన్వెస్టరు 1958లో రాసిన పుస్తకంలో అమ్మడానికి కారణాలు చాలా తక్కువ ఉంటాయని చెబుతూ, ముందుగా చెప్పింది దీన్నే. తప్పు ఒప్పుకోవడానికి ఎంత ఆలస్యమైతే అంత ఖర్చు. లెక్క చూడండి. 100 రూపాయల షేరు 20 శాతం పడి 80 అయితే, మళ్లీ వందకు రావడానికి 25 శాతం పెరగాలి. 50కి పడితే నూరు శాతం పెరగాలి. 22కు పడితే? నాలుగున్నర రెట్లు కావాలి.

మూడు, డబ్బు అవసరం దగ్గరపడినప్పుడు. రెండు మూడేళ్లలో కచ్చితంగా కావాల్సిన డబ్బు షేర్లలో ఉండకూడదు. కంపెనీ ఎంత బంగారంలాంటిదైనా సరే.

నాలుగు, ఒకే షేరు పెరిగి పెరిగి మన మొత్తం పొదుపులో సగం అయిపోయినప్పుడు. అప్పుడు అంతా అమ్మక్కర్లేదు. రాత్రి నిద్ర పట్టేంత అమ్మితే చాలు.

అమ్మడానికి కారణాలు కానివి కూడా చెప్పుకుందాం. ‘డబుల్ అయింది కదా’ అనేది కారణం కాదు. ‘టెలిగ్రామ్ గ్రూపులో అమ్మమన్నారు’ అసలే కాదు. ‘కొన్న రేటుకు వచ్చింది’ అన్నదీ కాదు. మీరు ఎంతకు కొన్నారో గుర్తుపెట్టుకునేది మీరూ, ఇన్‌కం ట్యాక్స్ వాళ్లూ. ఇంకెవరికీ దాంతో పని లేదు. అనుమానం వస్తే ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ షేర్లు నా దగ్గర లేవు, వాటి బదులు అంత డబ్బు చేతిలో ఉంది. ఈ రోజు, ఈ రేటుకు, ఇదే షేరు కొంటానా? ‘ఛ, ఎందుకు కొంటాను’ అనిపిస్తే, మరి పట్టుకుని ఎందుకు కూర్చున్నట్టు?

మళ్లీ మావాడి దగ్గరికి

ఆ రాత్రి వాణ్ని రెండో ప్రశ్న అడిగాను. ‘ఈ డబ్బు దేనికి అనుకుంటున్నావు?’

‘మాఘమాసంలో చెల్లి పెళ్లి కదన్నా. తెనాలిలో కల్యాణ మండపానికి అడ్వాన్సు ఇచ్చేశాం. నా వంతు మూడు లక్షలు ఇస్తానని అమ్మకు మాటిచ్చాను.’

ఇంకేం, సగం జవాబు వచ్చేసింది. మాఘమాసం నాలుగు నెలల్లో ఉంది. నాలుగు నెలల్లో కావాల్సిన డబ్బుకు ‘లాంగ్ టర్మ్’ అని పేరు పెట్టుకుని తిరుగుతున్నాడు వాడు. ‘మళ్లీ 560 వస్తే అమ్ముదామనుకున్నా’ అన్నాడు. ‘మార్కెట్‌కు మీ చెల్లి ముహూర్తం తెలుసురా?’ అన్నాను.

ఇద్దరం కూర్చుని లెక్కేశాం. 430 చొప్పున 700 షేర్లు అమ్మితే 3 లక్షల వెయ్యి వస్తుంది. షేరుకు 220 లాభం, అంటే మొత్తం లాభం లక్షా 54 వేలు. కొని ఏడాది దాటింది కాబట్టి ఇది లాంగ్ టర్మ్ లాభం. 2024 జులై 23 నుంచి ఉన్న రూల్ ప్రకారం ఆర్థిక సంవత్సరంలో లక్షా 25 వేల దాకా పన్ను లేదు. ఆ పైన 12.5 శాతం. వాడికి ఇలాంటి లాభాలు వేరే లేవు. అంటే పన్ను పడేది 29 వేల మీదే. సెస్సుతో కలిపి 3,770 రూపాయలు. వెయ్యి షేర్లూ ఒకేసారి అమ్మేస్తే అదే పన్ను 12,350 అయ్యేది. మిగతా 300 ఏప్రిల్ 1 తర్వాత అమ్ముకుంటే కొత్త ఏడాది మినహాయింపు మళ్లీ వస్తుంది. ఏడాది నిండకుండా అమ్మితే మాత్రం లాభం మీద 20 శాతం కట్టాల్సిందే. ఇది కూడా గుర్తుంచుకోండి. అలాగని పన్ను తప్పించుకోవడానికి చచ్చిపోయిన షేరును పట్టుకుని కూర్చోకండి.

మర్నాడు వాడు 700 అమ్మేశాడు. డబ్బు బ్యాంకు డిపాజిట్‌లో వేశాడు. సరిగ్గా వారానికి షేరు 460 అయింది. మళ్లీ ఫోన్. ‘అన్నా, 21 వేలు పోయాయి!’

‘పోలేదురా. 21 వేలు పెట్టి నాలుగు నెలల నిద్ర కొనుక్కున్నావు. అది 390 అయి ఉంటే పిన్నికి ఏం చెప్పేవాడివి?’ అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘మిగిలిన 300 ఏం చేయను?’ అన్నాడు.

‘కంపెనీ వార్షిక నివేదిక డౌన్‌లోడ్ చేసి చదువు. ఈ షేరు ఎందుకు ఉంచుకుంటున్నావో, ఏం జరిగితే అమ్మేస్తావో రెండు లైన్లు రాసి నాకు పంపు. రాయగలిగితే ఉంచుకో. రాయలేకపోతే అమ్మేసేయ్.’

పది రోజుల తర్వాత వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. డైరీ పేజీ. వాడి కోడిగీతల్లో రెండు లైన్లున్నాయి. ‘వీళ్ల అమ్మకాల్లో సగం ఎగుమతులు, అప్పు తగ్గుతోంది, అందుకే ఉంచుతున్నా. అప్పు మళ్లీ పెరిగినా, యజమానులు షేర్లు తాకట్టు పెట్టినా అమ్మేస్తా.’ కింద తేదీ వేసి సంతకం కూడా చేశాడు. ఈసారి రాకెట్ బొమ్మల్లేవు.

ముచ్చటేసి నా నోట్‌బుక్ కూడా తీశాను. నా దగ్గర పదకొండు కంపెనీల షేర్లున్నాయి. పదింటి పక్కన రెండేసి లైన్లు ఉన్నాయి. ఒకదాని పక్కన ఏమీ లేదు. నాలుగేళ్ల క్రితం ఒక పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్నాయన చెబితే కొన్నాను. ప్రస్తుతం 15 శాతం నష్టంలో ఉంది. ‘లాంగ్ టర్మ్‌లో చూద్దాంలే’ అనుకుంటూ వచ్చాను.

ఈ ఆదివారం దాని వార్షిక నివేదిక ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. మీరూ యాప్ తెరిచి ఒక్కసారి లెక్కపెట్టండి. రెండు లైన్లు రాయలేని షేర్లు మీ దగ్గర ఎన్ని ఉన్నాయో.

వచ్చే వారం కలుద్దాం.